పదిలో పద్దెనిమిది

ఎనిమిదేళ్ల కిందట నా దగ్గర పదో తరగతి చదివిన కుర్రాడొకడు ఇప్పుడు అమెరికాలో ఎమ్మెస్ చేస్తున్నాడు. వేసవి సెలవులకు వచ్చినప్పుడు ఒక సాయంత్రం మా ఇంటి అరుగు మీద కూర్చుని అక్కడి సంగతులు చెబుతూ, "మాస్టారూ, అక్కడ బిగ్ టెన్ అని విశ్వవిద్యాలయాల కూటమి ఒకటుంది. అందులో ఎన్ని ఉంటాయో చెప్పండి చూద్దాం" అన్నాడు.

"పది" అన్నాను.

"పద్దెనిమిది మాస్టారూ" అని నవ్వాడు. "బిగ్ ట్వెల్వ్ అని ఇంకోటుంది. అందులో పదహారు. అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్సు అని మరోటుంది. అందులో రెండు పసిఫిక్ సముద్రం వైపున్నాయి."

వాడికది తమాషా. నాకు మాత్రం ఆ రాత్రి అదే ఆలోచన అయింది. తెలుగు వాచకం చెప్పుకుని బతికేవాడికి మాటకూ అర్థానికీ మధ్య ఎడం కనిపిస్తే ఊరుకోబుద్ధి కాదు. ఒక మాట తన అర్థాన్ని వెనక వదిలేసి ముందుకు నడుస్తున్నదంటే, మధ్య ఖాళీలో ఎవరిదో ఒకరి ప్రయోజనం కాపురం పెట్టి ఉంటుంది. ఆ కాపురం ఎవరిదో చూడటం విమర్శకుడి పనుల్లో ఒకటి. అమెరికా కళాశాలల ఫుట్‌బాల్ గురించి ఒక సాహిత్య పత్రికలో రాయడానికి నాకున్న అర్హత అంతమాత్రమే. ఆ విశ్వవిద్యాలయాలకు ఏటా వేలకొద్దీ మన పిల్లలు వెళుతున్నారు. కనుక ఇది మనకు పూర్తిగా పరాయి సంగతి కూడా కాదు.

ఇరుగుపొరుగు పొత్తు

అమెరికన్లు ఫుట్‌బాల్ అని పిలిచేది మన బడి మైదానంలో పిల్లలు కాలితో తన్నే ఆట కాదు. కోలగా ఉండే బంతిని చేతబట్టి పరుగెత్తుతారు, విసురుతారు, ఎదుటివాణ్ణి ఒంటితో ఢీకొని పడగొడతారు. తలకు గట్టి టోపీ, భుజాలకు దళసరి కవచం లేనిదే మైదానంలో దిగరు. 1869 నవంబరు 6న న్యూజెర్సీ రాష్ట్రంలో రట్గర్స్, ప్రిన్స్‌టన్ కళాశాలలు తలపడిన పోటీని దీనికి మొదలుగా లెక్కిస్తారు. ఆనాటి నియమాలు వేరు, ఆనాటి బంతి వేరు. ఒక కళాశాల మరో కళాశాలను పోటీకి పిలవడమన్న ఆచారం మాత్రం అక్కడి నుంచి విస్తరించింది.

కాన్ఫరెన్సు అంటే ఇక్కడ సభ అని అర్థం చేసుకోకూడదు. ఏటా తమలో తాము ఆడుకోవడానికి కొన్ని విశ్వవిద్యాలయాలు కట్టుకున్న పొత్తు అది. 1896లో షికాగో నగరం కేంద్రంగా ఏడు విశ్వవిద్యాలయాలు అటువంటి పొత్తు కుదుర్చుకున్నాయి. డబ్బు తీసుకుని ఆడిపోయే బయటివాళ్లను జట్టులో దింపడం ఆ రోజుల్లో మామూలు. చదువుకుంటున్న విద్యార్థులే ఆడాలనీ, ఆటల మీద అదుపు అధ్యాపకుల చేతిలో ఉండాలనీ ఆ ఏడూ అనుకున్నాయి. 1917 నాటికి సభ్యుల సంఖ్య పది అయింది. జనం నోట 'బిగ్ టెన్' అన్న పేరు స్థిరపడింది. పేరుకూ లెక్కకూ ఆనాడు తేడా లేదు. సభ్యులందరూ ఒకే ప్రాంతం వాళ్లు. ఆట చూడటానికి పక్క ఊరి జనం రైలెక్కి వచ్చి, మర్నాడు మళ్లీ పొలానికో కర్మాగారానికో వెళ్లిపోయేవారు.

ఆట ఆనాడు స్వచ్ఛంగా ఉండేదని చెప్పడం నా ఉద్దేశం కాదు. అమెరికాలో రెండు కళాశాలల మధ్య మొట్టమొదటి క్రీడాపోటీ ఫుట్‌బాల్ కూడా కాదు. 1852లో న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని ఒక సరస్సులో హార్వర్డ్, యేల్ విద్యార్థులు పడవ పందెం వేశారు. దాని ఖర్చులు పెట్టుకున్నది ఒక రైల్వే కంపెనీ. తన రైళ్లకు విహారయాత్రికులను రప్పించుకోవడం ఆ కంపెనీ ఉద్దేశం. కళాశాల క్రీడకు పురుడు పోసిన మంత్రసాని వాణిజ్యమేనన్నమాట. ఇక 1905 నాటికి ఈ ఆటలో మొరటుతనం ఎంత పెరిగిందంటే, ఆ ఒక్క ఏడే 18 మంది దాకా యువకులు ప్రాణాలు కోల్పోయారు. అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ పెద్ద కళాశాలల వాళ్లను శ్వేతసౌధానికి పిలిపించి మాట్లాడవలసి వచ్చింది. ఆ అలజడిలోంచి 1906లో పుట్టిన సంఘానికే 1910లో ఎన్.సి.ఎ.ఎ. అన్న పేరు వచ్చింది. కళాశాల క్రీడలకు జాతీయస్థాయి పాలకసంస్థ అదే.

ఒక మాట పుట్టుక

ఈ కథలో అన్నిటికంటే ముందు మనం పరిశీలించవలసినది ఒక సమాసం: 'విద్యార్థి క్రీడాకారుడు'. వినడానికి ఎంత నిర్దోషంగా ఉంది! చదువూ ఆటా కలిసిన సంపూర్ణ మానవుడు కళ్ల ముందు నిలబడతాడు. కానీ ఈ మాటను కన్నది ఏ కవీ కాదు, ఏ విద్యావేత్తా కాదు.

1955లో కొలరాడో రాష్ట్రంలోని ఒక చిన్న కళాశాల తరఫున ఆడుతూ ఒక యువకుడు తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. పనిలో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి ఇచ్చే నష్టపరిహారం తనకూ ఇప్పించమని అతని భార్య అడిగింది. 1957లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఆమెకు ఏమీ రాదని తేల్చింది. ఆ కళాశాల ఫుట్‌బాల్ వ్యాపారం చేయడం లేదు కనుక అతను దాని ఉద్యోగి కాడన్నది న్యాయస్థానం ఆలోచన.

సరిగ్గా ఇటువంటి దావాల భయంతోనే 1950లలో ఎన్.సి.ఎ.ఎ. 'విద్యార్థి క్రీడాకారుడు' అన్న మాటను తయారుచేసి, తన నియమావళిలో నింపింది. ఇది నా ఊహ కాదు. 1951 నుంచి 1987 దాకా ఆ సంస్థను నడిపిన వాల్టర్ బైయర్స్ 1995లో తన పుస్తకంలో స్వయంగా చెప్పుకున్న సంగతి. ఒక జీవితకాలం ఆ వ్యవస్థను కట్టి కాపాడిన మనిషి, చివరికి దాన్ని బానిసల చేత సాగు చేయించిన పాత తోటల యాజమాన్యంతో పోల్చాడు.

రచయితలు ఇక్కడ ఆగి ఆలోచించాలి. మాట సత్యాన్ని వెలికి తీయగలదు, దాన్నే మాట పాతిపెట్టగలదు కూడా. 'కార్మికుడు' అన్న మాటను రానివ్వకుండా వాకిట్లో నిలబెట్టిన కాపలావాడు 'విద్యార్థి క్రీడాకారుడు'. ఆ కాపలావాడు డెబ్బయ్యేళ్లుగా ఉద్యోగం మానలేదు.

1984: సంతలో కూటములు

టెలివిజన్ రాగానే మైదానంలో టిక్కెట్ల అమ్మకం పడిపోతుందని కళాశాలలు భయపడ్డాయి. కనుక 1950ల ఆరంభం నుంచి ప్రసారాల మీద ఎన్.సి.ఎ.ఎ. గట్టి అదుపు పెట్టింది. ఏ వారం ఎన్ని ఆటలు చూపించాలో, ఏ జట్టు ఎన్నిసార్లు కనిపించాలో తానే నిర్ణయించేది. 1980ల నాటి పథకం ప్రకారం ఎంత పేరున్న జట్టయినా రెండేళ్లలో ఆరుసార్లకు మించి తెర మీద కనిపించడానికి వీల్లేదు. ఇది గుత్తాధిపత్యమే, సందేహం లేదు. కాకపోతే బలవంతుణ్ణి కొంత ఆపి బలహీనుడికి కొంత చోటిచ్చే గుత్తాధిపత్యం.

ఓక్లహామా, జార్జియా విశ్వవిద్యాలయాలు దీన్ని సవాలు చేశాయి. 1984లో అమెరికా సుప్రీంకోర్టు ఏడుగురికి ఇద్దరి తేడాతో ఆ అదుపు చట్టవిరుద్ధమని తీర్పు చెప్పింది. భిన్నాభిప్రాయం రాసిన న్యాయమూర్తి బైరన్ వైట్, యౌవనంలో కొలరాడో విశ్వవిద్యాలయం తరఫున ఆడి దేశమంతా పేరు తెచ్చుకున్న ఫుట్‌బాల్ ఆటగాడు. దీన్ని మామూలు సరుకుల బేరంలాగా చూస్తే విద్యా కార్యక్రమంగా ఆటకున్న స్వభావం దెబ్బతింటుందని అతని వాదన. ఆటను బాగా ఎరిగినవాడు అల్పసంఖ్యలో మిగిలాడు.

తీర్పుతో సంకెళ్లు తెగాయి. కానీ ఎవరి సంకెళ్లు? ఆడేవాడివి కావు, అమ్మేవాడివి. 1990లో నోటర్ డేమ్ విశ్వవిద్యాలయం ఉమ్మడి బేరంలోంచి బయటికి వచ్చి ఒక టెలివిజన్ సంస్థతో విడిగా ఒప్పందం చేసుకుంది. ఆ తరవాత కూటములు వేటికవి బేరానికి కూర్చున్నాయి. దానితో కాన్ఫరెన్సు స్వభావమే మారిపోయింది. కలిసి ఆడుకునే ఇరుగుపొరుగు కాస్తా కలిసి అమ్ముకునే వర్తక సంఘమైంది. వర్తక సంఘంలో ఎవరిని చేర్చుకోవాలన్న ప్రశ్నకు జవాబు భూగోళంలో దొరకదు, ఖాతా పుస్తకంలో దొరుకుతుంది.

ఈ యంత్రం ఎలా పనిచేస్తుందో ఒక ఉదాహరణ. 2007లో బిగ్ టెన్ సొంతంగా ఒక ఛానెల్ పెట్టుకుంది. కేబుల్ కనెక్షను ఉన్న ప్రతి ఇంటి చందాలోంచీ నెలకింత అని ఆ ఛానెల్‌కు ముడుతుంది. ఆట చూసేవాడూ కడతాడు, చూడనివాడూ కడతాడు. కూటమి సభ్యుడు ఉన్న రాష్ట్రంలో ఆ రేటు ఎక్కువ. ఇప్పుడు 2014లో రట్గర్స్, మేరీలాండ్ విశ్వవిద్యాలయాలను ఆ కూటమిలో ఎందుకు చేర్చుకున్నారో తెలుసుకోవడం తేలిక. రట్గర్స్ జట్టు గొప్పదని కాదు. దాని వెనక న్యూయార్కు నగరం చుట్టూ ఉన్న లక్షల ఇళ్లున్నాయి. మేరీలాండ్ వెనక వాషింగ్టన్ నగరపు ఇళ్లున్నాయి. 1869లో మొదటి ఆట ఆడిన కళాశాలకు దాదాపు నూటయాభై ఏళ్ల తరవాత దక్కిన గౌరవం, కేబుల్ తీగ తగిలించుకునే గుంజ కావడం.

తరవాత కాలంలో జనం కేబుల్ మానుకోవడం మొదలుపెట్టారు. సినిమాను తీరిక దొరికినప్పుడు చూడవచ్చు, ఆటను మాత్రం జరుగుతుండగానే చూడాలి. ప్రకటనలను దాటవేయకుండా కోట్లమంది ఒకేసారి కూర్చుని చూసే కార్యక్రమాల్లో ఆటదే పెద్దపీట అయింది. దానితో పేరున్న జట్ల విలువ ఇంకా పెరిగింది. ఇళ్ల లెక్క పోయి, పేర్ల లెక్క వచ్చింది.

పటం చింపిన చేతులు

1915లో ఆరెగన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ నగరంలో నాలుగు విశ్వవిద్యాలయాలు పసిఫిక్ తీరానికి ఒక కూటమిని ఏర్పరచుకున్నాయి. ఆ వారసత్వమే క్రమంగా పెరిగి పాక్ ట్వెల్వ్ అయింది. దాని పతనం మూడేళ్లలో ముగిసింది.

2021 జులైలో టెక్సాస్, ఓక్లహామా విశ్వవిద్యాలయాలు తమ పాత కూటమిని వదిలి ఆగ్నేయ రాష్ట్రాల కూటమిలో చేరుతున్నట్లు ప్రకటించాయి. పోటీగా బిగ్ టెన్ పడమటి వైపు చూసింది. 2022 జూన్ 30న లాస్ ఏంజెలెస్ నగరంలోని రెండు పెద్ద విశ్వవిద్యాలయాలు, యు.ఎస్.సి., యు.సి.ఎల్.ఎ., అందులోకి వెళుతున్నట్లు చెప్పాయి. రెండు నెలలు తిరగకుండా బిగ్ టెన్ ఏడేళ్లకు 700 కోట్ల డాలర్లకు పైబడిన ప్రసార ఒప్పందం కుదుర్చుకుంది. లాస్ ఏంజెలెస్ పోయాక పాక్ ట్వెల్వ్ దగ్గర అమ్మడానికి మిగిలిన సరుకు తక్కువైంది. 2023 జులైలో కొలరాడో వెళ్లిపోయింది. ఆగస్టు 4న ఒక్కరోజే అయిదు విశ్వవిద్యాలయాలు దారి చూసుకున్నాయి. సెప్టెంబరు 1న స్టాన్‌ఫర్డ్, బర్కిలీ అట్లాంటిక్ కూటమిలో చోటు సంపాదించుకున్నాయి. మా కుర్రాడు చెప్పిన తమాషా వెనక ఉన్న కథ ఇదీ.

చివరికి ఇద్దరు మిగిలారు. ఒకటి 1915 నాటి వ్యవస్థాపకుల్లో ఒకటైన ఆరెగన్ స్టేట్. రెండోది గోధుమ పొలాల మధ్య పుల్‌మన్ అనే చిన్న ఊళ్లో ఉన్న వాషింగ్టన్ స్టేట్. ఈ రెంటికీ మైదానంలో ఓడిపోయి ఈ గతి పట్టలేదు. వీటి ఊళ్లు చిన్నవి, వీటి చుట్టూ టెలివిజన్ కొనుగోలుదారుకు కావలసినన్ని ఇళ్లు లేవు. మిగిలిన కూటమి ఆస్తులపై అదుపు కోసం న్యాయస్థానానికి వెళ్లి గెలిచి, 2024లో ఇద్దరే సభ్యులుగా ఆడి, 2026 నుంచి మరికొందరిని కలుపుకుని కూటమిని మళ్లీ నిలబెట్టే ఏర్పాటు చేసుకున్నాయి. ఆ పట్టుదలను మెచ్చుకోవాలి. కానీ వాళ్లు చేసిన తప్పేమిటో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

కొత్త చోట్లలో చేరినవారి షరతులు చూడండి. స్టాన్‌ఫర్డ్, బర్కిలీ ప్రసారాల సొమ్ములో మొదటి కొన్నేళ్లు సుమారు 30 శాతం వాటాకే ఒప్పుకున్నాయి. వాటితోపాటు చేరిన డల్లాస్‌లోని సదరన్ మెథడిస్ట్ విశ్వవిద్యాలయం తొమ్మిదేళ్లపాటు ఆ సొమ్ములో ఏమీ అడగనని ఒప్పుకుని లోపలికి వెళ్లింది. కూలి లేకుండా పనిచేస్తాను, గుమ్మంలో నిలబడనిస్తే చాలుననడం ఇది. బర్కిలీ, యు.సి.ఎల్.ఎ. రెండూ కాలిఫోర్నియా ప్రజల సొత్తయిన ఒకే విశ్వవిద్యాలయ వ్యవస్థకు చెందినవి. ఒకటి తన దారి చూసుకోవడం వల్ల రెండోదానికి కలిగిన నష్టానికి ఏటా కోటి డాలర్లు ఇచ్చుకోవాలని 2024లో పాలకమండలి నిర్ణయించింది. ఒకే ఇంటి అన్నదమ్ములు బజారులో బేరమాడుకుని, ఇంటికి వచ్చి మనోవర్తి లెక్కలు చూసుకోవలసిన స్థితి.

ఫుట్‌బాల్ జట్టు ఏడాదికి పన్నెండు ఆటలు ఆడుతుంది, అదీ ఎక్కువగా శనివారాల్లో. ప్రయాణాలు తక్కువ, సౌకర్యాలు ఎక్కువ. అయితే అదే విశ్వవిద్యాలయంలో వాలీబాల్ ఆడే అమ్మాయి, సాఫ్ట్‌బాల్ ఆడే అమ్మాయి వారం మధ్యలో కూడా ఆడాలి. వాళ్ల ఆటకు ప్రసారాల సొమ్ము పెద్దగా రాదు. కూటమి మార్పు గురించి వాళ్లను అడిగినవారు లేరు. కానీ లాస్ ఏంజెలెస్ నుంచి న్యూజెర్సీకి దాదాపు నాలుగు వేల కిలోమీటర్లు, మూడు గంటల కాలభేదం దాటి వెళ్లి ఆడి, మర్నాడు తరగతిలో కూర్చోవలసింది వాళ్లే. 'విద్యార్థి' అన్న సగం మాటకు ఎంత విలువ ఇచ్చారో ఈ ప్రయాణాలే చెబుతాయి.

చాకిరీ ఎవరిది, సొమ్ము ఎవరిది

ఇంత సొమ్ము ఎటు పోయింది? చాలాకాలం ఆడేవాడికి దక్కింది ఉపకారవేతనం, భోజనం, వసతి. అంతకు మించి ఎవరైనా అభిమాని ఏదైనా బహుమతి ఇచ్చినా నేరమే. శిక్షకుడికి అటువంటి నియమం లేదు. అనేక అమెరికా రాష్ట్రాల్లో ప్రభుత్వ జీతగాళ్లలో అందరికంటే ఎక్కువ జీతం తీసుకునేది గవర్నరు కాదు, ఫుట్‌బాల్ శిక్షకుడో బాస్కెట్‌బాల్ శిక్షకుడో. 2023 నవంబరులో టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయం తన ఫుట్‌బాల్ శిక్షకుణ్ణి పదవిలోంచి తీసివేసింది. ఒప్పందం ప్రకారం అతనికి చెల్లించవలసి వచ్చిన మొత్తం ఏడున్నర కోట్ల డాలర్లకు పైమాటే. పని చేసినందుకు కాదు, ఇక చేయనక్కర్లేనందుకు!

పెద్ద జట్లలో నల్లజాతి యువకుల పాలు చాలా ఎక్కువ. అవే విశ్వవిద్యాలయాల తరగతి గదుల్లో వాళ్ల పాలు చాలా తక్కువ. పౌరహక్కుల ఉద్యమ చరిత్రకారుడు టేలర్ బ్రాంచ్ 2011లో రాసిన దీర్ఘవ్యాసం ఈ వైరుధ్యాన్ని అమెరికన్ పాఠకుల ముందు నిర్మొహమాటంగా పెట్టింది. ఒక వ్యాసం చర్చ మొత్తాన్ని మలుపు తిప్పగలదనడానికి అదొక నిదర్శనం.

2021 జూన్‌లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా, తొమ్మిదిమందీ కలిసి, ఎన్.సి.ఎ.ఎ. ఆంక్షల్లో కొన్నిటిని కొట్టివేసింది. ఆ జులై నుంచి ఆటగాడు తన పేరునూ రూపాన్నీ ప్రకటనలకు ఇచ్చి డబ్బు తీసుకోవచ్చు. తన ముఖం మీద తనకు హక్కు రావడానికి ఒక శతాబ్దం పట్టింది. 2025 జూన్ 6న ఒక ఫెడరల్ న్యాయమూర్తి ఆమోదించిన ఒప్పందం ప్రకారం పాత ఆటగాళ్లకు పదేళ్లలో సుమారు 280 కోట్ల డాలర్లు చెల్లించాలి. విశ్వవిద్యాలయాలు నేరుగా ఆటగాళ్లకు సొమ్ము పంచవచ్చు. 2025-26కు ఒక్కొక్క విశ్వవిద్యాలయానికి ఆ పరిమితి సుమారు రెండు కోట్ల అయిదు లక్షల డాలర్లు.

ఇది గెలుపు కాదా అని మిత్రులు అడగవచ్చు. గెలుపే. ఎవరూ దానంగా ఇచ్చింది కాదు, ఆటగాళ్లు దావాలు వేసి పోరాడి తెచ్చుకున్నది. కానీ ఇంత పంచుతున్నా వాళ్లను ఉద్యోగులని ఒప్పుకోలేదు. 2014లో నార్త్‌వెస్టర్న్ ఆటగాళ్లు సంఘం పెట్టుకోబోతే, ప్రాంతీయ కార్మికాధికారి వాళ్లు ఉద్యోగులేనన్నాడు. మరుసటి ఏడు పై బోర్డు ఆ విషయంలో జోక్యం చేసుకోనని తప్పుకుంది. 2024 మార్చిలో డార్ట్‌మత్ కళాశాల బాస్కెట్‌బాల్ ఆటగాళ్లు 13-2 ఓట్లతో సంఘానికి మొగ్గు చూపారు. ఆ ఏడాది చివరికి ఆ ప్రయత్నాన్నీ ఉపసంహరించుకోవలసి వచ్చింది. సొమ్ము ఇస్తారు, 'కార్మికుడు' అన్న మాట మాత్రం ఇవ్వరు. ఎందుకు? సొమ్ముకు పరిమితి పెట్టవచ్చు. ఆ మాట ఇస్తే దాని వెంట నష్టపరిహారం, ఉమ్మడి బేరం, సమ్మె అన్నీ లోపలికి నడిచి వస్తాయి. మన ఐపీఎల్‌లో ఆటగాణ్ణి వేలం వేస్తారు. అది సొగసైన దృశ్యమేమీ కాదు. కనీసం దాన్ని వేలం అనే అంటారు.

ఇంకో మాట కూడా ఈ మధ్య తరచుగా వినిపిస్తున్నది: 'విశ్వాసం'. కుర్రాళ్లు ఏడాదికో జట్టు మారుతున్నారనీ, విశ్వాసం లేదనీ పెద్దలు వాపోతున్నారు. నూరేళ్ల పొత్తును ఒక్క రోజులో తెంచుకున్న విశ్వవిద్యాలయాలు, ఒప్పందం మధ్యలో మరో చోటికి వెళ్లే శిక్షకులు ఇరవై ఏళ్ల కుర్రాడికి విశ్వాసం గురించి పాఠం చెప్పడం చూస్తే నవ్వొస్తుంది. పెద్దలు చేస్తే వ్యూహం, పిల్లలు చేస్తే ద్రోహం.

మా కుర్రాడు చదివే విశ్వవిద్యాలయం ఈ పెద్ద కూటముల్లో లేదు. అయినా వాడి ఫీజు రసీదులో క్రీడా విభాగానికంటూ ఒక వరుస ఉంటుందట. అక్కడ చాలాచోట్ల ఉన్న పద్ధతే అది. "నేనొక్క ఆటా చూడలేదు మాస్టారూ" అన్నాడు. పెద్దవాళ్లతో సమానంగా నిలబడాలన్న చిన్న విశ్వవిద్యాలయాల ఆరాటానికి, ఇక్కడ పొలం తాకట్టు పెట్టి వెళ్లిన పిల్లవాడు కూడా తన వంతు కడుతున్నాడు.

పాతదంతా బంగారమా?

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. వర్తమానం మీద కోపంతో గతాన్ని అందంగా చిత్రించే అలవాటు మన సాహిత్యంలోనూ ఉంది. అమెరికా దక్షిణాది కూటముల పాత ఇరుగుపొరుగుతనం తెల్లవాళ్ల ఇరుగుపొరుగుతనం. ఆగ్నేయ కూటమి ఫుట్‌బాల్‌లో ఒక నల్లజాతి యువకుడు మొదటిసారి మైదానంలో దిగింది 1967లో. అంతవరకూ ఆ ఊళ్ల 'మన జట్టు' అన్న మాటలో 'మన' ఎవరో వేరే చెప్పనక్కర్లేదు. పాత రోజులు తిరిగి రావాలని కోరడం విమర్శ కాదు.

వాణిజ్యం ఆదినుంచీ ఉంటే కొత్తగా వచ్చిందేమిటన్న ప్రశ్నకు నా సమాధానం ఇది. 1852లో రైల్వే కంపెనీ ఆటను వాడుకుంది, కానీ ఆ సరస్సును అక్కడి నుంచి కదపలేదు. చాలాకాలం వాణిజ్యం ఒక ఊరినీ, ఒక పొరుగునూ, ఒక జ్ఞాపకాన్నీ ఆనుకుని బతికింది. ఇప్పుడు ఊరూ పొరుగూ జ్ఞాపకమూ వాణిజ్యాన్ని ఆనుకుని బతకవలసి వస్తున్నది. టెక్సాస్, టెక్సాస్ ఎ అండ్ ఎం జట్ల మధ్య 1894లో మొదలైన ఆట 2011 తరవాత పన్నెండేళ్లు ఆగిపోయింది. ప్రజలు ఆపలేదు, కూటములు వేరైనందువల్ల ఆగింది. 2024లో రెండూ ఒకే కూటమికి వచ్చినందువల్ల తిరిగి మొదలైంది. ఓక్లహామా రాష్ట్రంలోని రెండు విశ్వవిద్యాలయాల మధ్య శతాబ్దానికి పైగా సాగిన ఆట 2023తో ఆగింది. తాతలూ మనవలూ కలిసి చూసే ఆట జరగాలో వద్దో ఆ తాతా చెప్పలేడు, మనవడూ చెప్పలేడు.

వేరే దారి లేదా? ఉంది, ఉండేది. 1939లో షికాగో విశ్వవిద్యాలయ అధ్యక్షుడు రాబర్ట్ మేనార్డ్ హచిన్స్ ఫుట్‌బాల్‌ను ఎత్తివేశాడు. 1896 కూటమిని స్థాపించిన ఏడింటిలో ఒకటి అలా తప్పుకుంది. ఆ విశ్వవిద్యాలయం పాడైపోలేదు. కొన్ని దశాబ్దాల తరవాత చిన్న స్థాయిలో, బజారుతో నిమిత్తం లేకుండా ఆటను మళ్లీ తెచ్చుకుంది. అమెరికా విద్యను వర్తకులు తమ పద్ధతిలో నడపడం గురించి థార్‌స్టీన్ వెబ్లెన్ 1918లోనే పుస్తకం రాశాడు. అప్టన్ సింక్లెయిర్ 1923లో మరొకటి రాశాడు. తెలియక జరిగిందని ఎవరూ అనలేరు. అందరికీ తెలిసే జరిగింది.

పేరు ఎందుకు మార్చలేదు?

ఆ సాయంత్రం నేను మా కుర్రాణ్ణి అడిగిన ప్రశ్న ఒకటి మిగిలిపోయింది. "పద్దెనిమిది అయ్యాక పేరెందుకు మార్చుకోలేదురా?" వాడికి జవాబు తోచలేదు. తరవాత నాకు తోచినది చెబుతాను.

1990లో పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయం చేరడానికి ఒప్పుకోవడంతో బిగ్ టెన్‌లో పదకొండు అయ్యాయి. అప్పుడు కూటమి తన ముద్రను కొత్తగా గీయించుకుంది. అక్షరాల మధ్య వదిలిన ఖాళీల్లో 11 అన్న అంకె కనపడీ కనపడకుండా ఉండేది. పేరు అబద్ధమైందన్న సంకోచం ఆనాడు కొంచెం ఉందన్నమాట. నిజాన్ని ఖాళీల్లోనైనా దాచుకున్నారు. ఈనాడు పద్దెనిమిదిని ఎక్కడా దాచుకోలేదు. దాచవలసిన అవసరం తోచలేదు.

ఎందుకంటే, కొన్నవాడు కొన్నది ఆ పేరునే. పేరులో నూరేళ్ల జ్ఞాపకం ఉంది. రైలెక్కి వచ్చిన జనం, చలిలో కేకలు పెట్టిన విద్యార్థులు, తండ్రి చెయ్యి పట్టుకుని మొదటిసారి మైదానం చూసిన పిల్లవాడు, అందరూ ఆ పేరులో ఉన్నారు. అర్థానికి వెల లేదు కనుక దాన్ని వదిలేశారు. మాటకు వెల ఉంది కనుక దాన్ని పట్టుకున్నారు. జనం కలిసి పండించుకున్న ఆ జ్ఞాపకాన్ని వాళ్ల పేరుతోనే వాళ్లకు అమ్మడం ఈ వ్యాపారం. అందులో ఆడే కుర్రాడి ఒళ్లు ఎంత సరుకో, చూసే జనం ప్రేమ కూడా అంతే సరుకు.

ఆ ప్రేమ అబద్ధమని నేననను. అది నిజం కాబట్టే దానికి ధర పలికింది. మాటలతో పనిచేసే మనం ఇటువంటి కథల్లోంచి నేర్చుకోవలసింది ఒకటుంది. 'సంప్రదాయం', 'కుటుంబం', 'విశ్వాసం', 'విద్యార్థి' వంటి మంచి మాటలు ఎవరి నోట విన్నా, ఆ మాట పక్కన లెక్క కూడా అడగాలి. ఎంతమంది? ఎవరు? ఎవరికెంత? పదో తరగతి పిల్లవాడికి నేను రోజూ చెప్పే పాఠం ఇదే: మాట రాయి, పక్కన అర్థం రాయి, రెండూ సరిపోయాయో లేదో చూసుకో. సరిపోకపోతే తప్పు ఎక్కడుందో వెతుకు. పదిలో పద్దెనిమిది అని రాస్తే మా బడిలో సున్నా వస్తుంది. అక్కడ 700 కోట్ల డాలర్లు వచ్చాయి.